ఇంటి పొయ్యి మీద ఇటలీ – 3వ పాఠం: హామ్ ఫ్రిటాటా

పోయిన పాఠంలో ఉల్లిపాయల్ని రంగు మారకుండా సన్నసెగ మీద మగ్గించడం నేర్చుకున్నాం. అది చేతికి వచ్చినవాళ్లకు ఫ్రిటాటా, అంటే ఇటలీవాళ్ల మందపాటి ఆమ్లెట్, సగం వచ్చినట్టే. ఇంకా రానివాళ్లు మరో రెండుసార్లు మగ్గించి చూసుకుని ఈ పాఠానికి రండి, తొందరేం లేదు.

మనం ఆమ్లెట్ వేసేది పెద్ద మంట మీద. గుడ్డు పడగానే చుయ్‌మనాలి, అంచులు కరకరలాడాలి. ఫ్రిటాటాకి అది పనికిరాదు. తెల్లసొన సుమారు 62 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గట్టిపడడం మొదలెడుతుంది, పచ్చసొన 65 దాటాక. సెగ మరీ ఎక్కువైతే గుడ్డు బిగుసుకుపోయి తనలోని నీటిని వదిలేస్తుంది. ముక్క కోస్తే పళ్లెంలో నీరు, నోట్లో రబ్బరు. అంగుళం మందాన ఉన్న గుడ్డు లోపలిదాకా మెత్తగా ఉడకాలంటే గ్యాస్ పొయ్యిలో చిన్న బర్నరే వాడాలి, దాన్నీ బాగా తగ్గించాలి.

ఇక హామ్, అంటే ఉప్పు పట్టించి నిల్వచేసిన పంది తొడ మాంసం. ఇటలీవాళ్ల ప్రొషుట్టో అంటే పంది తొడకు ఉప్పు పట్టించి నెలల తరబడి గాలికి ఆరబెట్టినది. ఇటలీలోని పార్మా ప్రాంతపు ప్రొషుట్టో అయిన పార్మా హామ్‌లోనైతే మాంసం, సముద్రపు ఉప్పు తప్ప ఇంకేమీ ఉండవు. ఏడాదికి పైగా ఆరనిస్తారు. పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో దీనికోసం తిరగకండి. బరంపురమో విశాఖో వెళ్లినప్పుడు ఫ్రీజర్ సరుకు అమ్మే పెద్ద షాపుల్లో అడగండి. ఉడికించిన హామ్ ముక్కల ప్యాకెట్ ఇచ్చినా తీసుకోండి, బాగానే ఉంటుంది. ఏదైనా సరే, ఉప్పు అందులోనే ఉంది, చీజ్‌లోనూ ఉంది. గుడ్లలో విడిగా ఉప్పు వెయ్యకండి. పంది మాంసం తినని ఇళ్లలో ఎండురొయ్యల్ని కడిగి, వేయించి వేసుకోవచ్చు. అప్పుడది హామ్ ఫ్రిటాటా కాదు గానీ రుచికి లోటుండదు.

ఆకుల్లో పుదీనా, కొత్తిమీర మన బజార్లో ఉన్నవే. బేసిల్ కావాలంటే సబ్జా గింజలు కుండీలో చల్లండి, అదే జాతి మొక్క. తులసికోటలోది మాత్రం కొయ్యకండి. పూజ మొక్క, పైగా దాని ఘాటు గుడ్డుకు నప్పదు.

ఆరు గుడ్లు, 60 గ్రాముల హామ్, గుప్పెడు ఆకులు, రెండు చెంచాల చీజ్ తురుము, కాస్త మిరియాల పొడి. గుడ్లను నురగ రాకుండా, సొనలు కలిసేదాకా మాత్రమే గిలకొట్టండి. ఎనిమిది అంగుళాల నాన్‌స్టిక్ పెనంలో ఆలివ్ నూనె వేసి ఒక ఉల్లిపాయ మగ్గించండి. హామ్‌ని చేత్తో చింపి చివర్లో వెయ్యండి. ఎక్కువసేపు వేగితే తోలులా సాగుతుంది, ఉప్పదనం కూడా పెరుగుతుంది. గుడ్లలో ఆకులు, చీజ్ కలిపి పోసి, మూత పెట్టండి.

ఎనిమిది నిమిషాలయ్యాక మూత తీసి పెనాన్ని కొంచెం కదపండి. అంచులు పెనాన్ని వదిలి ఉండాలి, నడిమధ్య రూపాయి బిళ్లంత మేర మాత్రం ఇంకా తొణకాలి. అంతా తొణికితే మరో రెండు నిమిషాలు ఆగండి. ఓవెన్ లేదని బెంగ వద్దు, పళ్లెం చాలు. పెనం కంటే పెద్ద పళ్లెం బోర్లించి, అరచేయి దానిమీద గట్టిగా ఆనించి, సింక్ మీదే ఒక్క ఊపున తిప్పండి. సగంలో ఆగితే జారుతుంది. పళ్లెంలోంచి మళ్లీ పెనంలోకి జార్చి రెండు నిమిషాలు. దించాక పావుగంట ఆగి కోస్తే ముక్క నిలుస్తుంది. ఇటలీలో చల్లారాక కూడా తింటారు, క్యారేజీలో పెట్టుకోవడానికి భేషుగ్గా ఉంటుంది.

మన ఆంధ్ర–ఒడిశా సరిహద్దు ఇళ్లకు ఒక చిక్కుంది. కార్తీకంలో చాలా ఇళ్లలో గుడ్డు, మాంసం ముట్టరు కదా. ఒడియావాళ్ల కార్తీకం పౌర్ణమి లెక్కన మనకంటే పదిహేను రోజులు ముందే వస్తుంది. ఇరుగుపొరుగుతో పంచుకుని తినేవాళ్లు దసరా వెళ్లగానే సాధన ముగించుకోండి.

వచ్చే పాఠం ఇటలీలోని నేపుల్స్‌వాళ్లు మిగిలిన స్పగెట్టితో, అంటే సన్నటి పొడవాటి పాస్తాతో, చేసే ఫ్రిటాటా. అది ఇంకా బరువు. అందుకని ఈలోగా మూడు గుడ్లతో, చిన్న పెనంలో, వట్టి ఉల్లిపాయ వేసి పళ్లెంతో తిప్పడం అలవాటు చేసుకోండి.