ఘాట్ ఎక్కేటప్పుడు ముందువాడి వెంట పడకండి

కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్‌లో టీమ్‌గా సైకిల్ రేసుకి తయారయ్యేవాళ్లకి ఒక మాట చెప్పాలి. చదును రోడ్డు మీద ముందువాడి వెనక చక్రం దగ్గరగా పోతే ఎదురుగాలి తగ్గి చాలా సుఖంగా ఉంటుంది కానీ, ఎత్తు మొదలై వేగం గంటకు 10, 12 కిలోమీటర్లకు పడిపోయాక మిమ్మల్ని వెనక్కి లాగేది గాలి కాదు, మీ బరువూ సైకిల్ బరువూ. అక్కడ టీమ్‌లో బలమైనవాడిని పట్టుకోవాలని ఊపిరి పోగొట్టుకోవద్దు.

దానికి బదులు, ఎత్తులో వెనకబడతాం అనుకునేవాళ్లు ఘాట్ మొదట్లోనే గుంపు ముందుకు వచ్చేయండి. మిగతావాళ్లు ఒక్కొక్కరే దాటిపోతున్నా, పైకి చేరేసరికి ఇంకా గుంపులోనే, కనీసం దాని తోకలోనైనా ఉంటారు. నిజంగా పనిచేస్తుంది.

గేరు ముందే తగ్గించాలి. పెడల్ మీద బరువంతా వేశాక మారిస్తే చైన్ కరకరమని పళ్ల మీద ఎగిరి, ఒక్కోసారి ఊడిపోతుంది కూడా. ఎడమవైపు మలుపుల్లో లోపలి అంచు బాగా నిటారుగా ఉంటుంది, లారీలు వస్తుంటాయి కాబట్టి కుడికి జరగలేం, అందుకే మలుపుకు కాస్త ముందే ఇంకో గేరు దించండి.

నీళ్లు కింద ఉండగానే తాగండి, రొప్పుతూ తాగితే పొలమారుతుంది.

ప్రాక్టీస్ రోజుల్లో గువ్వలచెరువు ఊళ్లో పాలకోవా అంగళ్ల దగ్గర కలుద్దాం అని ముందే అనుకోండి. రేసులో అయితే పైకి ముందు చేరినవాళ్లు కాస్త నిదానించి వెనకవాళ్లను కలుపుకోండి, ఆ తర్వాత చదునులో వంతులవారీగా గాలికి ముందు నిలబడటానికి మనుషులు కావాలి.