వియత్నామీ రెస్టారెంట్‌లో ముక్కల కంటే ముందు సూప్ సంగతి అడగండి

మెల్‌బోర్న్‌లో టార్నీట్, వెరిబీ వైపు ఇల్లు తీసుకున్నవాళ్లకు ఫుట్‌స్క్రే రైల్లో నేరుగా వెళ్లే చోటు. స్టేషన్ దాటి హాప్కిన్స్ వీధిలోకి వస్తే వియత్నామీ రెస్టారెంట్లు వరసగా కనిపిస్తాయి. 1975లో సైగాన్ పతనమయ్యాక ఇక్కడికి చేరిన శరణార్థుల్లో ఎక్కువమంది దక్షిణ వియత్నాం వాళ్లు. అందుకే ఇక్కడి వంటలో కాస్త తీపి, పక్కన బోలెడు పచ్చి ఆకులు ఉంటాయి.

మొదట తినేది ఎలాగూ ఫో, అంటే బియ్యపు నూడుల్స్ వేసిన సూప్. (ఫ అక్షరాన్ని కొంచెం సాగదీసి పలికితే అసలు ఉచ్చారణకు దగ్గరవుతుంది.) అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగాలు, కాల్చిన అల్లం, ఉల్లి వేసి గంటల తరబడి మరిగిస్తారు కాబట్టి ఆ సూప్ వాసన మన మసాలాలను గుర్తుచేస్తుంది. కానీ మరిగేది బీఫ్ ఎముకలు. మనవాళ్లు పొరపడేది ఇక్కడే. మెనూలో "వెజిటబుల్ ఫో" అని ఉన్నా, చాలాచోట్ల కూరగాయలు, టోఫు వేసి పైన పోసేది బీఫ్ సూపో చికెన్ సూపో. చికెన్ ఫోకి కూడా కొందరు బీఫ్ సూపే వాడతారు. కాబట్టి "ఇందులో మాంసం ఉందా" అని కాదు, "సూప్ దేనితో కాచారు" అని అడగండి.

మనవాళ్లు పొరపడే రెండోది నూక్ మమ్, అంటే చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసిన సాస్. టోఫు వేసిన బున్ (సన్న సేమియాలాంటి బియ్యపు నూడుల్స్) పక్కన ఇచ్చే తియ్యటి, పుల్లటి నీళ్లలో ఉండేది ఇదే. బదులుగా సోయా సాస్ అడిగితే ఇస్తారు.

మెనూలో బో అంటే బీఫ్, హేయో పంది, గా కోడి, తోమ్ రొయ్య, కా చేప. చయ్ అంటే శాకాహారం. టీ కాదు, టీని త్రా అంటారు. బౌద్ధులు చాంద్రమాసం 1, 15 తేదీల్లో చయ్ తింటారు కాబట్టి ఆ రోజుల్లో రకాలు ఎక్కువ దొరకొచ్చు. "బో చయ్" అని కనబడితే బెదరకండి, అది సోయాతోనో గోధుమ గ్లూటెన్‌తోనో చేసిన ముక్క. గోధుమ పడనివాళ్లు మాత్రం దాని జోలికి పోవద్దు.

ఫో రాగానే ముందు ఏమీ కలపకుండా ఒక చెంచా సూప్ తాగి చూడండి. తర్వాత మొలకలు అడుగుకు నొక్కండి, సూప్ వేడిగా ఉండగానే అవి మగ్గాలి. తులసిజాతి ఆకులు తుంచి వేసి, నిమ్మకాయ పిండండి. హోయిసిన్ సాస్ (చిక్కటి, తియ్యటి సోయా సాస్) గిన్నెలో పోస్తే సూపంతా తీపెక్కి అసలు రుచి పోతుంది. చిన్న పళ్లెంలో పోసుకుని ముక్కల్ని అద్దుకోండి. కబుర్లలో పడితే నూడుల్స్ ఉబ్బిపోతాయి.

అన్నం కావాలంటే కమ్ తమ్ చెప్పండి. అచ్చంగా నూకల అన్నమే, పైన కాల్చిన మాంసం. మామూలుగా పంది ముక్క వస్తుంది, కోడి కావాలంటే ముందే చెప్పాలి. బాన్ సెయో పసుపు వేసిన మన అట్టులా కనిపించినా లోపల పంది, రొయ్యలు ఉంటాయి. బాన్ మీ బ్రెడ్‌కి టోఫుదైనా సరే కాలేయంతో చేసిన మెత్తటి ముద్ద (pâté) పూసే అలవాటుంది, పూయకముందే వద్దనండి.

చాలాచోట్ల బిల్లు బల్ల దగ్గరికి రాదు, లేచి కౌంటర్లో కట్టాలి. టిప్ అక్కర్లేదు. చిన్న షాపుల్లో నగదే అడగొచ్చు. పార్శిల్ తీసుకుంటే సూప్, నూడుల్స్ విడిగా ఇస్తారు. ఇంటికెళ్లాక సూప్ తెర్లేదాకా కాచి పోయండి, గోరువెచ్చగా పోస్తే పల్చగా కోసిన పచ్చి మాంసం ఉడకదు.