టెక్సాస్‌లో ఇల్లు కట్టించుకునే కోనసీమవారికి

అమలాపురం, రాజోలు వైపు నుంచి వెళ్లి డాలస్ పరిసరాల్లో స్థిరపడి, అక్కడ కొత్త ఇల్లు కట్టించుకోదలచినవారు గదుల ప్లాను కన్నా ముందు నేల సంగతి తెలుసుకోవాలి. మన డెల్టా నల్లమట్టి ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బినట్లే అక్కడి బంకమట్టి కూడా కదులుతుంది కనుక, లోపల ఉక్కు తీగలను లాగి బిగించిన కాంక్రీటు పలకనే అక్కడ చాలా ఇళ్లకు పునాదిగా వేస్తారు.

కాంక్రీటు పోయకముందు, గోడలకు జిప్సం బోర్డులు బిగించకముందు, ఇల్లు స్వాధీనం చేసుకోకముందు, బిల్డరుతో సంబంధం లేని ఇన్‌స్పెక్టరును సొంత ఖర్చుతో పిలిపించాలి. రెండవ తనిఖీని ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోవద్దని నా గట్టి సలహా. చెక్క చట్రం, పైపులు, వైర్లు కంటికి కనిపించేది ఆ కొద్ది రోజులే. నిలువు చెక్క అంచుకు దగ్గరగా వెళ్లిన నీటి పైపుకు ఇనుప రేకు అడ్డు లేకపోతే, బోర్డుకు దిగగొట్టే మేకు ఆ పైపునే చీల్చవచ్చు.

ఇంటి చుట్టూ మొదటి 10 అడుగుల్లో నేల కనీసం 6 అంగుళాలు బయటికి వాలాలన్నది అమెరికాలో విస్తృతంగా పాటించే నిర్మాణ నియమం. వరదకు భయపడి ఇంటి మట్టం లేపే లంకవాసులకు దీని అవసరం వేరే చెప్పనక్కరలేదు.

వాస్తు మార్పులేవైనా ఉంటే ఒప్పందంపై సంతకానికి ముందే అడిగి రాయించుకోవాలి. పనితనపు లోపాలకు హామీ సాధారణంగా ఏడాదే ఉంటుంది కాబట్టి, 11వ నెలలో మరోసారి తనిఖీ చేయించి, లోపాలను రాతపూర్వకంగా బిల్డరుకు పంపాలి.