బుడ్డల చేనికి జింకల కాపలా: మొలక నుంచి ఊడ దాకా

బుడ్డ మొలక (వేరుశనగను మా వైపు బుడ్డలంటాం) నేలను చీల్చుకుని పైకొచ్చిన రోజే మా ఊళ్లో జింకల సీజను మొదలైనట్టు. కర్నూలు జిల్లాలో ఆలూరు, ఆస్పరి, హాలహర్వి, చిప్పగిరి వైపు ఊళ్లవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. మరునాడు పొద్దున్నే హోటల్ కాడ టీ గ్లాసు పట్టుకున్న ప్రతి మనిషీ రాత్రి సంగతే మాట్లాడతాడు. ఎన్ని వచ్చాయి, ఎటు నుంచి దిగాయి, ఎన్ని సాళ్లు పోయాయి. మా ఆయన అక్కడ విని వచ్చినవి, ఇంట్లో మా అత్త చెప్పినవి, తొమ్మిదేళ్లుగా నేను మంచె మీద కూర్చుని నేర్చుకున్నవి కలిపి రాస్తున్నాను. ఈ ఏడు కొత్తగా చేను గుత్తకు తీసుకున్నవాళ్లకు, చదువు ముగించి సేద్యంలోకి దిగిన పిల్లలకు పనికొస్తుందని.

మాకు ఆరెకరాలు. నాలుగు ఎకరాల్లో బుడ్డలు, రెండు ఎకరాల్లో పత్తి.

ముందు ఒక మాట. బెంగళూరులో ఉండే మా చుట్టాలబ్బాయి ఒకసారి ఫోన్లో, "అన్ని జింకలుంటే రెండు కొట్టేయొచ్చు కదా అత్తా, మిగతావి రావు" అన్నాడు. కొట్టకూడదు, కొట్టినా మిగతావి రాక మానవు. కృష్ణ జింక మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. చంపితే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా జైలు. 2022లో చట్టం మార్చాక జరిమానా కనీసం 25,000 రూపాయలు. తుపాకీ పేలిస్తేనే వేట అనుకోవద్దు. ఉచ్చు వేసినా, వల పన్నినా చట్టం దృష్టిలో వేటే. మోటారు లైను నుంచి కంచెకు కరెంటు ఇచ్చే పని అసలే వద్దు. ఆ తీగకు జింక కంటే ముందు, రాత్రి నీళ్లు కట్టడానికి పోయే మనిషి తగులుతాడు.

మన పని జింకను చంపడం కాదు, ఈ చేను తనకు మేత కాదని దానికి తెలిసేలా చేయడం. అది తెలిసేది మొదటి పది రాత్రుల్లోనే. రెండు మూడు రాత్రులు నిమ్మళంగా మేసిందంటే ఆ మంద మీ చేనికి అలవాటు పడిపోతుంది. తర్వాత ఎంత అరిచినా గనిమ (చేను గట్టు) దాటి నిలబడి చూస్తుంది, మీరు తిరిగి పడుకోగానే మళ్లీ దిగుతుంది. అందుకే మొలక కనబడ్డాక కాపలా మొదలుపెడదాం అనుకోవద్దు. విత్తిన అయిదో రోజుకే మంచె సిద్ధంగా ఉండాలి. పదును బాగుంటే ఆరో రోజుకో ఏడో రోజుకో మొలక తలెత్తుతుంది.

మేసింది జింకేనా కాదా అన్నది ముందు తేల్చుకోండి. మొదటి ఏడు నాకు ఇది తెలియక కుందేళ్లు కొరికినదానికి జింకల మీద పడ్డాను. తెగిన మొక్కను వేళ్ల మధ్య పట్టుకుని కొసను చూడండి. కుందేలు కొరికితే బ్లేడుతో కోసినట్టు ఏటవాలుగా, నున్నగా ఉంటుంది. జింకకు పైదవడలో ముందు పళ్లు ఉండవు, మన గొర్రెకు లేనట్టే. కింది పళ్లకు, పైదవడ చిగుళ్లకు మధ్య పట్టి లాగి తెంపుతుంది. కొస తుంచినట్టు పీచు పీచుగా ఉంటుంది. అడవిపంది అయితే మొక్కను తెంపదు, నేలనే తిరగేస్తుంది. నెమళ్లు మొలక పక్కన గీకి గింజ కోసం వెతుకుతాయి.

ఇక అడుగు. గొర్రె అడుగులాగే రెండు చీలికలు, కానీ ముందు కొస మొనదేలి ఉంటుంది. వాన పడి ఆరిన నల్లరేగడిలో అచ్చు గుద్దినట్టు కనబడుతుంది. పెంటికలు కూడా చూడండి. చేనంతా చల్లినట్టు పడి ఉంటే మంద మేస్తూ పోయిందని అర్థం. ఒకే చోట పాతవి, కొత్తవి కలిసి కుప్పగా ఉంటే ఒక ఇర్రి ఆ జాగా తనదని గుర్తు పెట్టుకుందన్నమాట. నల్లటి వీపు, మెలి తిరిగిన కొమ్ములతో ఉండే మగదాన్నే ఇర్రి అంటాం, ఆడదాన్ని లేడి. ఆ కుప్ప మీ గనిమకు దగ్గర్లో ఉంటే మంచె ఆ వైపే వేయండి. మా చేనికి పడమరన పారే వంక (వాగు) దగ్గర అలాంటి కుప్ప మూడేళ్లు ఒకే చోట చూశాను.

మంచెకు నాలుగు వేప గుంజలు, పైన పాత నులకమంచం చాలు. మనిషి తల కంటే కొంచెం ఎత్తు ఉండాలి. చేను నడిమధ్యలో వేస్తే అన్నివైపులా కనబడుతుందని అనుకుంటారు. నా మాట వినండి, జింకలు దిగే మూల వేయండి. అవి చేనులోకి వచ్చాక తరమడం కంటే గనిమ మీద ఉండగానే ఆపడం తేలిక. చీకటి రాత్రి టార్చి ఊరికే వెలిగించొద్దు. గనిమ దగ్గర కిందికి వంగి ఆకాశం వైపు చూస్తే అంచు మీద వాటి చెవులు, కొమ్ములు నల్లగా కనబడతాయి. కనబడ్డాకే టార్చి వేయాలి. జతలు జతలుగా మెరిసే కళ్లను లెక్కపెడితే మంద ఎంతో తెలుస్తుంది.

ఎప్పుడెప్పుడు వస్తాయంటే, పొద్దు వాలేటప్పుడు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి. వెన్నెల రాత్రులయితే మా చేనిలో రాత్రంతా తిరుగుతాయి. మా ఇంట్లో రాత్రి పన్నెండు దాకా మా ఆయన, ఆ తర్వాత నేను. మూడున్నర నుంచి తెల్లగా తెల్లారేదాకా కన్ను మూయకూడదు. నాలుగేళ్ల కిందట సరిగ్గా నాలుగు గంటలకు నాకు కునుకు పట్టింది. లేచేసరికి తూర్పు ఎర్రబడింది, పదకొండు జింకలు చేను మధ్యలో తలలు వంచి ఉన్నాయి. ఎంత నెమ్మదిగా మేస్తాయంటే అంత దగ్గరున్నా నాకు చప్పుడే వినబడలేదు. దాదాపు అర ఎకరంలో సాళ్లు బోడిగా మిగిలాయి. మా అత్త వచ్చి చూసి ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు నుంచి తెల్లవారుజాము కాపలాకు ఆమె కూడా ఫ్లాస్కులో టీ పోసుకుని వస్తుంది. డెబ్బై దాటినా ఆమె చెవి నా చెవి కంటే పదును. గులకరాయి మీద గిట్ట పడిన చప్పుడు పట్టేస్తుంది.

తరమడానికి ఒక పద్ధతి ఉంది. చేనుకు అడ్డంగా పరుగెత్తితే జింకలు తిన్నదాని కంటే మన కాళ్ల కింద నలిగేదే ఎక్కువ. గనిమ మీదే నడవండి. కేకలు వేస్తూ ఎదురుగా పోకుండా పక్క నుంచి పోవాలి, వాటికి వెళ్లే దారి వదలాలి. మందలో ముందుగా తలెత్తి చూసేది ఒకటి ఉంటుంది, ఎక్కువసార్లు అది పెద్ద లేడి. దాని మీదే కన్ను పెట్టండి. అది ఎటు తిరిగితే మిగతావన్నీ అటే. దాన్ని బీడు వైపు, వంక వైపు తిప్పగలిగితే పని అయిపోయినట్టే. రోడ్డు వైపు మాత్రం తోలొద్దు. రాత్రి లారీల వెలుగులో అవి ఎటూ పోలేక నిలబడిపోతాయి, జింకా పోతుంది, బండి మీద వచ్చే మనిషికీ ప్రమాదమే.

పక్క చేనులోకి తోలడం కూడా పరిష్కారం కాదు. మా పక్క చేను మా చిన్నాయన వరస ఆయనది. రెండేళ్లు మేము ఆయన చేనులోకి, ఆయన మా చేనులోకి తోలుకున్నాం, మాటలు కూడా పడ్డాం. మూడో ఏడు నాలుగిళ్లవాళ్లం కూర్చుని మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఒకరు ఈల వేస్తే నలుగురం వరసగా నిలబడి అందరం వంక వైపే తోలుతాం. కాపలా కూడా వంతులేసుకున్నాం, రెండు రోజులకొక రాత్రి ఒళ్లు వాల్చే వీలు దొరికింది. ఇన్నేళ్లలో మేము చేసినవాటిలో అన్నింటికంటే పనికొచ్చింది ఇదే. పైసా ఖర్చు లేదు.

కుక్కను వదలొద్దు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. మా ఇంటి కుక్కను మొదట్లో వదిలేవాళ్లం. ఒక తెల్లవారుజామున అది, ఊరకుక్కలు రెండు కలిసి ఒక చిన్న లేడిని పత్తిచేలో చుట్టూ తిప్పాయి. మేము పోయి కుక్కల్ని అదిలించేసరికి లేడి పడిపోయి ఉంది. దగ్గరికి పోయి చూశాను. ఒంటి మీద ఒక్క గాటు లేదు, రక్తం చుక్క లేదు. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి, నోట్లోంచి నురగ, పెద్ద కళ్లు తెరిచే ఉన్నాయి. మా ఆయన తువ్వాలు కళ్ల మీద కప్పి, అందరినీ దూరం పంపి, ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేశాడు. వాళ్లు వచ్చేలోపే ప్రాణం పోయింది. విపరీతంగా తరిమితే భయానికి, అలసటకు ఒంట్లో కండలు, గుండె దెబ్బతిని చచ్చిపోతాయని వాళ్లు చెప్పారు. కుక్క ఇప్పుడూ కాపలాకు వస్తుంది, కానీ మంచె గుంజకు కట్టే ఉంటుంది. దాని అరుపు చాలు.

గాయపడిన జింక కనబడితే మీరూ అంతే చేయండి. కళ్లకు గుడ్డ, చుట్టూ నిశ్శబ్దం, కుక్కలు దూరం, వెంటనే ఫోన్. నీళ్లు నోట్లో పోయొద్దు. చేనులోనో కసువు గడ్డిలోనో పిల్ల ఒక్కటే ముడుచుకుని పడుకుని కనబడితే తల్లి వదిలేసిందని ఇంటికి తీసుకురావొద్దు. తల్లి దాన్ని అలా దాచి మేతకు పోతుంది, పాలివ్వడానికి తిరిగి వస్తుంది. మీరు అక్కడి నుంచి కదలడమే దానికి మీరు చేసే మేలు.

చీరల కంచె సంగతి అందరికీ తెలిసిందే. పాత చీరలు చేను చుట్టూ గుంజలకు కట్టడం. కట్టే తీరులోనే ఉంది అసలు విషయం. కృష్ణ జింక బాగా ఎత్తుకు ఎగరగలదు కానీ కంచె కాడికి వచ్చేసరికి కింద సందు కోసమే వెతుకుతుంది. అందుకని చీర కింది అంచు నేలకు జానెడు కంటే ఎత్తులో ఉండకూడదు. బిగించి కట్టొద్దు, గాలికి కొట్టుకోవాలి. ఎర్ర చీరలు మన కంటికి కొట్టొచ్చినట్టుంటాయి, కానీ మా చేను కాడ తెల్లవి, నీలంవే బాగా పనిచేశాయి. రెండు వారాలకు జింకలు చీరలకూ అలవాటు పడతాయి. అప్పుడు వరస మార్చాలి, తూర్పువి పడమరకు, పడమరవి ఉత్తరానికి. చేపల వలలు మాత్రం కట్టొద్దు, కొమ్ములు చిక్కుకుంటాయి.

బ్యాటరీ మైకులు కూడా అంతే. కుక్కల అరుపు రికార్డు చేసి పెడితే మూడు రాత్రులు దగ్గరికి రాలేదు, నాలుగో రాత్రి మైకు కిందే మేశాయి. రోజూ చోటు మార్చి, గొంతు మార్చి, గంటకోసారి మాత్రమే మోగిస్తే కొంచెం ఎక్కువ రోజులు పనిచేస్తుంది. కుళ్లిన కోడిగుడ్ల నీళ్లు గనిమల మీద చల్లితే వాన పడిందాకానే. సోలార్ కంచె మంచిదే, అది ఉండి ఉండి ఒక్క క్షణం కొట్టే షాకు కాబట్టి ప్రాణం తీయదు. కానీ కసువు పెరిగి తీగకు తగిలితే పవరంతా నేలకు పోతుంది, వారం వారం కోస్తూ ఉండాలి. రబీలో శనగ వేసేవాళ్లు చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ వేస్తారు. పాత పద్ధతే, మంచి పద్ధతి. అయితే కుసుమకు ముళ్లు ముదిరేదాకా శనగ మొలకకు కాపలా తప్పదు.

మంచె కాడికి పోయేటప్పుడు మోకాలి కింది దాకా వచ్చే బూట్లు, టార్చి, చేతిలో కర్ర. తొలకరికి రక్తపింజరి గనిమల మీదే ఉంటుంది. పడుకునే మంచానికి దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపితే కట్లపాము భయం కూడా తగ్గుతుంది. కాటు పడితే మంత్రాలు, కట్లు అనుకుంటూ కూర్చోవద్దు, నేరుగా ఆసుపత్రికి.

మేసిన చేనును ఫోటో తీసి పెట్టుకోండి, అడుగు అచ్చు పక్కన చెయ్యి పెట్టి ఒకటి, సాళ్లన్నీ కనబడేలా ఒకటి. పాసుపుస్తకం నకలు, సర్వే నంబరు, పోయిన విస్తీర్ణం రాసి ఫారెస్టు ఆఫీసులో అర్జీ ఇవ్వండి, రసీదు అడగండి. అర ఎకరం పోయిన ఏడు మేము బాధలో ఫోటో తీయలేదు, చూపించడానికి ఏమీ మిగల్లేదు.

పది రోజుల లోపు మొక్కను పైపైన కొరికితే మళ్లీ చిగురేస్తుంది, తొందరపడి దున్నేయొద్దు. పూత మొదలై ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే నెలా పది రోజుల దగ్గర మేస్తేనే దిగుబడి మీద దెబ్బ. ఊడలు నేలలోకి దిగాక, ఆకు ముదిరాక జింకల రాకడ మా చేనిలో సగానికి సగం తగ్గుతుంది. అప్పటి నుంచి మేము తెల్లవారుజాము కాపలా ఒక్కటే ఉంచుతాం.

పంట తీశాక చీరలు తప్పకుండా విప్పండి. గుంజలకు వదిలేస్తే ఎండకు చీలికలై, తాళ్లు గాలికి పోయి బీడులో ముళ్లకంపలకు చుట్టుకుంటాయి, తర్వాత వాటిలో చిక్కుకునేది ఇర్రి కొమ్ములే. మా అత్త కత్తి వాడనివ్వదు, ప్రతి ముడీ చేత్తోనే విప్పుతుంది. ఉతికి, మడిచి, రంగుల వారీగా గోనెసంచిలో పెడుతుంది. ఆమె నీలం నేత చీర ఒకటి ఈ తొలకరికి అయిదోసారి పడమటి గనిమ ఎక్కింది.