దిగబడ్డ ట్రాక్టర్‌ను రెండు బండ్లతో గుంజేటప్పుడు తాళ్లు ఎట్లా కట్టాలి

సాగర్ ఎడమ కాలువ కింద, మిర్యాలగూడ, హాలియా వైపు మడిలో ట్రాక్టర్ దిగబడితే రెండు బండ్లు తెచ్చి, చెరో మోకు కట్టి, చెరో పక్కకు నిలబెట్టి గుంజుతారు. ఇంజన్లు మొత్తుకుంటాయి గానీ దిగబడ్డది కదలదు. చాలాసార్లు లోపం బండ్లలో కాదు, తాళ్ల మధ్య కోణంలో ఉంటుంది.

ఒక బండి 1000 కిలోల బలంతో, ఇంకోటి 800 కిలోల బలంతో గుంజుతున్నాయనుకోండి. రెండూ ఒకే దిక్కుకు గుంజితేనే 1800 వస్తుంది. లేకుంటే కాగితం మీద ఒకే చుక్క నుంచి, 100 కిలోలకు 1 సెం.మీ. చొప్పున 10, 8 సెం.మీ. గీతలు తాళ్ల కోణంలోనే గీసి, సమాంతర చతుర్భుజం పూర్తి చేసి, ఆ చుక్క నుంచి కర్ణం కొలవండి. కోణం 60 డిగ్రీలైతే 15.6 సెం.మీ. వస్తుంది, అంటే 1560 కిలోలు. కర్ణం పెద్ద బలం వైపే ఒరుగుతుంది, దిగబడ్డ బండి కూడా అటే వంకర తిరిగి గెట్టుకు గుద్దుకుంటుంది. అందుకే బలమైన బండి తాడును మీరు రావాలనుకున్న దారికి దగ్గరగా పెట్టాలి.

మడిలో కోణం కొలవడానికి టేపు చాలు. కొక్కెం దగ్గర నుంచి రెండు తాళ్ల మీద 10 అడుగుల చొప్పున గుర్తు పెట్టి, గుర్తుల మధ్య దూరం చూడండి. 5 అడుగుల 2 అంగుళాలుంటే 30 డిగ్రీలు; సమానమైన రెండు బండ్లు 1.93 బండ్ల పని చేస్తాయి. 10 అడుగులుంటే 60 డిగ్రీలు, 1.73. 14 అడుగుల 2 అంగుళాలుంటే 90, 1.41. 17 అడుగుల 4 అంగుళాలు వచ్చిందంటే 120 డిగ్రీలు: రెండు బండ్లు కలిసి ఒక్క బండి పనే చేస్తున్నట్టు, రెండోదాని డీజిల్ దండుగ.

బండ్లు ఒకదానికొకటి తగులుతాయని దూరం జరపడం వల్లే ఈ తిప్పలు. జరపకండి, తాళ్లు పొడుగు చేయండి. బండ్ల మధ్య 8 అడుగుల ఎడం ఉన్నా, 10 అడుగుల తాళ్లకు కోణం 47 డిగ్రీలు, 30 అడుగుల తాళ్లకు 15 మాత్రమే. ఒకదాని ముందు ఒకటి కట్టినా బలం పూర్తిగా కలుస్తుంది, కానీ దిగబడ్డదానికి కట్టిన ఆ ఒక్క మోకు మీదే రెండు బండ్ల బరువు పడుతుంది. అది పాతదైతే తెగుతుంది. తెగిన తాడు కొరడాలా కొడుతుంది, దగ్గర మనుషులు ఉండొద్దు.

గుంజే బండికి తాడు డ్రాబార్‌కే (వెనక కింద ఉండే గుంజుడు కడ్డీకే) కట్టాలి. వెనక ఇరుసు కన్నా పైన కడితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. గుంజకముందే ట్రాలీ విప్పి, చక్రాల ముందు బురద తీయండి.

రెండో బండి దొరక్కపోతే దిగబడ్డ బండి నుంచి గెట్టు మీది వేపచెట్టు మొదలుకు 20 అడుగుల మోకు బిగుతుగా కట్టి, నడిమధ్య పట్టి అడ్డంగా గుంజండి. తాడు నడుమ 1 అడుగు పక్కకు జరిగినప్పుడు 50 కిలోల గుంజుడుకు తాట్లో 250 కిలోల బిగువు వస్తుంది. 2 అడుగులు జరిగితే 125కు పడిపోతుంది. బండి కొంచెం కదలగానే చక్రాల కింద రాయి పెట్టి, తాడు మళ్లీ బిగించి గుంజాలి.