వానలు రాకముందే: ప్రదర్శనల కేటలాగులు, కళాకారుల పుస్తకాలు దాచుకునేవారికి జాగ్రత్తలు

కళా ప్రదర్శనల కేటలాగులనూ, కళాకారులు తమ కృతిగానే తయారుచేసిన పుస్తకాలనూ వానాకాలానికి సర్దిపెట్టే పని మే నెలలోనే, పొడి ఎండలు ఉండగానే ముగించాలి. జూన్‌లో ముసురు పట్టాక పెట్టెలు సర్దితే గదిలోని తేమను కూడా పుస్తకాలతో పాటు లోపల బంధించినట్టే. కోస్తాలో ఉన్నవారికి తుఫానుల కాలం కూడా ఉంటుంది కాబట్టి డిసెంబరు దాకా కాపలా తప్పదు.

మొదట ఆర్ట్ పేపర్ మీద అచ్చయినవి వేరు చేయండి. కేటలాగుల్లో రంగుల బొమ్మల పేజీలు చాలావరకు ఈ కాగితమే. దాని నునుపు మెత్తటి మట్టి పూతది. ఆ పూత తడిస్తే బంకలా మారుతుంది. అలాగే ఆరితే పుస్తకం మొత్తం చెక్కముక్కలా బిగుసుకుంటుంది, విడదీయబోతే బొమ్మలు ఊడివస్తాయి. అందుకే వీటిని కింది అరలోనూ, వాన కొట్టే గోడకు ఆనించీ పెట్టకూడదు. నేలకు కనీసం 15 సెం.మీ. ఎత్తు, గోడకు 5 సెం.మీ. ఎడం ఉండాలి.

ఒకవేళ తడిస్తే గంటల్లోనే కదలాలి. ఒకటీ రెండూ అయితే నిలబెట్టి, ఫ్యాను గాలికి ఒక్కో పేజీ తిప్పుతూ ఆరబెట్టండి. ఎక్కువుంటే ఒక్కోదాన్నీ పాలిథిన్ కవరులో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి: నీరు గడ్డకడితే పేజీలు అంటుకోవు, తర్వాత తీరిగ్గా ఒక్కొక్కటే తీసి ఆరబెట్టుకోవచ్చు. ఎండలో పెట్టడం, ఇస్త్రీ చేయడం వద్దే వద్దు.

రీసోగ్రాఫ్‌లో (స్టెన్సిల్ పద్ధతిలో అచ్చువేసే యంత్రం) వేసిన చిన్న పుస్తకాల సిరా ఎన్నాళ్లైనా పూర్తిగా ఆరదు, ఎదుటి పేజీకి అంటుతుంది. మధ్యలో ఆమ్లం లేని పల్చటి కాగితం వేయండి.

కవర్లు కొనేటప్పుడు వాసన వచ్చే మెత్తటి పీవీసీ వద్దు, అది అచ్చు సిరాను లాగేస్తుంది. పాలిప్రొపిలీన్ గానీ పాలియెస్టర్ గానీ అడగండి. లామినేషన్, సెలో టేప్ జోలికి పోవద్దు. ప్రదర్శనల ఆహ్వాన కార్డులకు గుచ్చిన పిన్నులు తుప్పు పట్టకముందే తీసేయాలి. కళాకారుల పుస్తకానికి కుట్టిన పిన్ను మాత్రం ఆ కృతిలో భాగమే, దాన్ని ముట్టుకోవద్దు.

బీరువాలో తేమ కొలిచే చిన్న మీటరు పెట్టండి. 65 శాతం దాటి కొన్ని రోజులు నిలిస్తే బూజు ఖాయం. మూతపెట్టెల్లో సిలికా జెల్ గుడ్డసంచిలో కట్టి, కాగితానికి తగలకుండా ఉంచాలి. వేపాకు, కలరా ఉండలు తేమను ఏమీ చేయలేవు.

సర్దే ముందు, విడి కాగితాల పోర్ట్‌ఫోలియోల వరుసను ఫోటో తీసుకోండి. చాలా ఆహ్వాన కార్డుల మీద తేదీ, నెల ఉంటాయి గానీ సంవత్సరం ఉండదు. పోస్టు ముద్ర ఉన్న కవరు పారేయకండి, సంవత్సరం తెలిస్తే వెనకవైపు హెచ్‌బీ పెన్సిల్‌తో రాయండి. ఫలానా ప్రదర్శన జరిగిందనడానికి ఒక్కోసారి ఆ కార్డే మిగిలిన సాక్ష్యం.

హైదరాబాద్ ఆబిడ్స్‌లోని ఆదివారం పాత పుస్తకాల బజారులో కొన్నవి నేరుగా బీరువాలోకి చేర్చకండి. పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచితే పురుగూ గుడ్లూ చస్తాయి. బయటికి తీశాక 24 గంటలు సంచి విప్పొద్దు, చెమ్మ బయటివైపే పట్టాలి. మైనం, చేత్తో పూసిన రంగు, ఫోటోలు ఉన్న పుస్తకాలకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. వాటిని నెల రోజులు వేరే పెట్టెలో ఉంచి, వారానికోసారి అడుగున పురుగు తొలిచిన పొడి రాలిందేమో చూడండి.