తుపాన్ల నెలలు రాకముందే సర్వర్ రీస్టార్టు మీరే చేసెయ్యండి

మొన్న సెప్టెంబరు చివర్లో వాయుగుండం పట్టిన రాత్రి పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. యూపీఎస్ బ్యాటరీ కూడా ఆ రాత్రే చేతులెత్తేసింది. మూడోసారి కరెంటు వచ్చాక సర్వర్ లేచింది, ఫ్యాన్ తిరిగింది, లాగిన్ తెర కూడా వచ్చింది. నెట్టు మాత్రం రాలేదు. పొద్దున్న ఆరింటికి గుమస్తాగారు ఫోన్ చేశారు.

“బాబూ, కేబులు పీకి మళ్లీ పెట్టినాం. ఎనకాల లైటు ఎలగట్లేదు. కార్డు కాలిపోనాదేమో, ఏటి సెయ్యమంటారు?”

అది లైనక్స్ సర్వర్. ఫోన్‌లోనే చెప్పి, అప్‌డేట్‌కు ముందున్న పాత కెర్నెల్‌తో (కెర్నెల్ అంటే లైనక్స్ గుండెకాయ లాంటిది) లేపించాను. నెట్టు రాలేదు. ఇక ఆమదాలవలసలో రైలెక్కి వెళ్లాను. బయట లోడు ఎత్తిన లారీ నిలబడి ఉంది. బిల్లు సర్వర్‌లో ఉంది, ఆ బిల్లు నంబరు లేకుండా ఈ-వే బిల్లు తీయలేరు. సర్వర్ మూత తెరిచి చూస్తే ఒక స్లాటు చుట్టూ దుమ్ము పట్టి, దాని పక్క స్లాటులో నెట్‌వర్క్ కార్డు కొత్తగా కూర్చుని ఉంది. నాకు ఫోన్ చేసేముందే అక్కడి కుర్రాడు మంచి ఉద్దేశంతో కార్డు తీసి స్లాటు మార్చాడు. లైనక్స్‌లో కార్డు పేరు అది కూర్చున్న స్లాటును బట్టి ఉంటుంది. ఈఎన్‌పీ3ఎస్0 కాస్తా ఈఎన్‌పీ4ఎస్0 అయింది. ఐపీ అడ్రస్ రాసి పెట్టింది పాత పేరు మీద. కార్డును పాత స్లాటులో పెట్టి, పాత కెర్నెల్‌తో లేపితే నాలుగు నిమిషాల్లో తొమ్మిది సిస్టమ్‌లూ సర్వర్‌ని పట్టుకున్నాయి.

కార్డు కాలిపోలేదు. ఆ రాత్రిదాకా ఆ సర్వర్ ఏడు నెలలుగా రీస్టార్టు కాలేదు, జరిగిందంతా దానివల్లే.

పద్దెనిమిదేళ్లుగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మిల్లులు, ల్యాబులు, కాలేజీలు, హోల్‌సేల్ కొట్లకు కంప్యూటర్లు చూస్తున్నాను. మనుషుల్ని ముంచిన తప్పు నేను చూసింది ఒక్కటే. అప్‌డేట్ దిగాక రీస్టార్టును వాయిదా వేయడం. “ఇప్పుడు బాగానే నడుస్తోంది కదా, తర్వాత చూద్దాం” అంటారు. బాగా నడుస్తున్నది పాత సిస్టమ్. కొత్తది డిస్కులో దిగి కూర్చుంది, దాన్ని ఇంకా ఎవరూ నడిపి చూడలేదు. మీకు వీలైన పొద్దున మీరు రీస్టార్టు చేయకపోతే, వానరాత్రి కరెంటు చేస్తుంది. అప్పటికి ఏ అప్‌డేట్ ఎప్పుడు పడిందో ఎవరికీ గుర్తుండదు, ఏడు నెలల మార్పులన్నీ ఒకేసారి మీద పడతాయి.

మన దగ్గర అక్టోబరు, నవంబరు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. అప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అంత పెద్ద తుపాను రానక్కర్లేదు, ఒక మోస్తరు గాలివాన చాలు. కాబట్టి సెప్టెంబరులోనే మీ ప్రతి సర్వర్‌నీ, ప్రతి బిల్లింగ్ సిస్టమ్‌నీ ఒకసారి మీ చేత్తో రీస్టార్టు చేసి చూడండి. ఇప్పటికే ఆలస్యమైతే ఈ వారమే చేయండి.

లైనక్స్ సర్వర్ ఉన్నవాళ్లు

ముందు అప్‌టైమ్, అంటే రీస్టార్టు లేకుండా ఎన్నాళ్లుగా నడుస్తోందో చూడండి. నెల దాటి ఉంటే అనుమానించండి. ఉబుంటు అనే రకం లైనక్స్‌లో లాగిన్ కాగానే రీస్టార్టు కావాలని ఒక లైను చెబుతుంది, దాన్ని రోజూ చూసి చూసి కళ్లు అలవాటు పడిపోతాయి.

పలాసలో జరిగింది కొంచెం విడమర్చి చెబుతాను, ఎందుకంటే ఇది చాలాచోట్ల కాచుకుని ఉంది. అది 2.5 గిగాబిట్ కార్డు. మొదట్లో లైనక్స్‌లో ఉన్న డ్రైవరుతో (కార్డును నడిపే ప్రోగ్రాముతో) సరిగా నడవడం లేదని ఎవరో కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ తెచ్చి, అప్పటి కెర్నెల్‌కి కంపైల్ చేసి ఎక్కించారు. అడ్డం రాకుండా లైనక్స్ సొంత డ్రైవర్‌ని బ్లాక్‌లిస్టులో పెట్టారు. అలా కంపైల్ చేసిన డ్రైవర్ ఆ ఒక్క కెర్నెల్‌కే పనికొస్తుంది. కొత్త కెర్నెల్ లేచేసరికి తెచ్చిన డ్రైవర్ లేదు, సొంత డ్రైవర్‌కి అనుమతి లేదు. కార్డు ఉంది, దాన్ని నడిపేవాడు లేడు. ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ కొడితే కార్డు కనిపిస్తుంది, ఐపీ లింక్ కమాండ్ కొడితే ఎల్ఓ (సర్వర్ తనతో తాను మాట్లాడుకునే లోపలి దారి) ఒక్కటే వస్తుంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే కార్డు బాగానే ఉంది, డ్రైవరే లేదని అర్థం. వెనక లైటు వెలగకపోవడాన్ని నమ్మకండి. డ్రైవర్ లేకపోతే కొన్ని కార్డులు లైటు కూడా వెలిగించవు.

దీనికి మందు డీకేఎంఎస్. డ్రైవర్‌ని దాని ద్వారా ఎక్కిస్తే కొత్త కెర్నెల్ దిగినప్పుడల్లా అదే మళ్లీ కంపైల్ చేస్తుంది. కాకపోతే కంపైల్‌కి కావాల్సిన కెర్నెల్ హెడర్లు అనే ఫైళ్లు కూడా ఉండాలి, అవి లేకపోతే కంపైల్ కాదు. రీస్టార్టుకు ముందే డీకేఎంఎస్ స్టేటస్ కొట్టి, కొత్త కెర్నెల్ నంబరు ఉన్న లైనులో ఇన్‌స్టాల్డ్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే ముందు దాన్ని సరిచేయండి, అదే రోజు సరిచేయండి.

సంతకం లేని డ్రైవర్లను ఆపే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఇంకో చిక్కు. డీకేఎంఎస్ డ్రైవర్‌కి సంతకం తాళం నమోదు చేయాలి. దానికోసం ఒక నీలం తెర బూట్ అయ్యేటప్పుడు వచ్చి కొన్ని సెకన్లే ఆగుతుంది. కీబోర్డు దగ్గర మనిషి లేకపోతే దాటిపోతుంది, డ్రైవర్ ఎక్కదు.

కొత్త కెర్నెల్‌తో నెట్టు రాకపోతే బూట్ అయ్యేటప్పుడు ఎస్కేప్ నొక్కి, పాత మెషిన్ అయితే షిఫ్ట్ పట్టుకుని, ఏ కెర్నెల్‌తో లేవాలో అడిగే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి. పాత కెర్నెల్ అక్కడ ఉంటుంది. ఆ రోజు వ్యాపారం దాని మీద నడిపించుకోవచ్చు. కొత్తది నాలుగు రోజులు సాఫీగా నడిచేదాకా అక్కర్లేనివి తీసేసే ఆటోరిమూవ్ కమాండ్ కొట్టకండి, పాతదాన్ని తుడిచేసే ప్రమాదం ఉంది.

విండోస్ ఉన్నవాళ్లు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు అయిపోయింది. దాంతో చాలామంది 11కి మారారు, ఇంకా మారుతున్నారు. మారాక ఫోన్లన్నీ ఒకే మాట: “నెట్ వస్తోంది, టాలీ రావట్లేదు”. అప్‌డేట్ కార్డు డ్రైవర్‌ని మార్చినప్పుడు విండోస్ ఒక్కోసారి అదే కార్డును కొత్త కార్డు అనుకుని ఈథర్‌నెట్ 2 అని పేరు పెడుతుంది. మీరు ఇచ్చిన స్టాటిక్ ఐపీ (మారని అడ్రస్) పాత పేరుతోనే ఉండిపోతుంది. కొత్తదానికి రౌటర్ ఇంకేదో అడ్రస్ ఇస్తుంది. మిగతా సిస్టమ్‌లు పాత అడ్రస్‌లో, ఉదాహరణకు 192.168.1.10లో, సర్వర్‌ని వెతుకుతుంటాయి, అక్కడ ఎవరూ ఉండరు. డివైస్ మేనేజర్‌లో షో హిడెన్ డివైసెస్ పెట్టి, మసకగా కనిపించే పాత కార్డును తీసేసి, కొత్తదానికి స్టాటిక్ ఐపీ ఇవ్వండి.

169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే కార్డు బతికే ఉంది, అడ్రస్ ఇచ్చేవాడే దొరకలేదు. కేబుల్, స్విచ్, రౌటర్ చూడండి.

నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్ అయిపోయిందేమో చూడండి. అయితే షేరింగ్, ప్రింటర్ ఆగిపోతాయి.

అప్‌డేట్ తర్వాత కార్డు మొండికేస్తే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. 10 నుంచి 11కి మారినవాళ్లకు వెనక్కి వెళ్లే అవకాశం 10 రోజులే ఉంటుంది. ఆ పది రోజుల్లోనే ప్రింటర్, టాలీ, బ్యాకప్, బార్‌కోడ్ అన్నీ వాడి చూడండి. పదకొండో రోజు నా దగ్గరకు వస్తే నేను చేయగలిగింది తక్కువ.

నెట్‌వర్క్ రీసెట్ బటన్ మాత్రం నొక్కకండి. అది కార్డులన్నీ తీసేసి మళ్లీ ఎక్కిస్తుంది. స్టాటిక్ ఐపీ పోతుంది, వీపీఎన్‌ని మళ్లీ పెట్టుకోవాల్సి వస్తుంది. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఒక కొట్టులో టెన్షన్‌లో ఇది నొక్కారు. చిన్న డ్రైవర్ సమస్య కాస్తా రెండు రోజుల పనైంది, ఎందుకంటే పాత ఐపీలు ఎవరూ రాసిపెట్టలేదు.

ఇక మిగతావన్నీ వరసగా చెబుతాను, ఒక్కటీ వదలకండి.

ఐపీ, గేట్‌వే, డీఎన్ఎస్, కార్డు పేరు, ఏ కేబుల్ ఏ పోర్టులో ఉందో కాగితం మీద రాసి సర్వర్ పక్కన అతికించండి. ఆ సర్వర్‌లోనే ఫైలుగా దాచుకుంటే పనికిరాదు.

కార్డు డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో ముందే పెట్టుకోండి. నెట్టు పోయాక డ్రైవర్ కోసం నెట్టు కావాలి.

ఫోన్‌కి కేబుల్ పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే విండోస్‌కీ లైనక్స్‌కీ తాత్కాలికంగా నెట్టు వస్తుంది. తుపానులో టవర్ పడిపోతే ఇదీ రాదు, అందుకే పెన్‌డ్రైవ్ ముందు.

ఒక యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్ కొని డ్రాయర్‌లో ఉంచండి. దాన్ని ఒకసారి పెట్టి చూసి ఉంచండి.

దూరం నుంచి రీస్టార్టు నొక్కకండి. ఇంట్లో కూర్చుని రాత్రి పదింటికి అసలు నొక్కకండి. కార్డు లేవకపోతే మీరు వాడుతున్న దారి కూడా దానితోనే పోతుంది.

వారం మధ్యలో, పొద్దున్న, మీ టెక్నీషియన్ ఫోన్ ఎత్తే వేళలో చేయండి. శనివారం సాయంత్రం వద్దు.

జీఎస్టీ రిటర్న్ నెలనెలా వేసేవాళ్లు గడువు తేదీలైన 11కి, 20కి ముందు మూడు రోజులు అప్‌డేట్ ముట్టుకోకండి. రిటర్న్ వేసిన మర్నాడే రీస్టార్టు చేయండి, వచ్చే నెలకు తోయకండి.

రీస్టార్టుకు ముందు బ్యాకప్. వేరే డిస్కులో.

విండోస్‌లో షట్ డౌన్ చేసి ఆన్ చేస్తే సరిపోదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే అది పూర్తిగా ఆగదు. రీస్టార్ట్ అనే నొక్కండి.

రీస్టార్టు అయ్యాక లాగిన్ తెర చూసి వెళ్లిపోకండి. వేరే సిస్టమ్ నుంచి సర్వర్ తెరవండి, ఒక బిల్లు తీయండి, ప్రింట్ ఇవ్వండి.

నెట్టు రాకపోతే ఒక్కసారి పవర్ వైరు పూర్తిగా పీకి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుని, మళ్లీ పెట్టండి. కొన్ని కార్డులకు అదే చాలు.

తేదీ చూడండి. బోర్డు మీది సీఎంఓఎస్ బ్యాటరీ పోతే కరెంటు పోయినప్పుడు తేదీ వెనక్కి వెళ్తుంది, సైట్లు సర్టిఫికెట్ ఎర్రర్ ఇస్తాయి, అందరూ కార్డును అనుమానిస్తారు.

కార్డు తీయకండి. స్లాటు మార్చకండి. ఫార్మాట్ మాట ఎత్తకండి.

ఏది ముట్టుకున్నా టెక్నీషియన్‌కి ముందే చెప్పండి. తిడతారని దాచకండి. ఆ కుర్రాడు స్లాటు మార్చానని ఆరింటికే ఒక్క మాట చెప్పి ఉంటే, నేను రైలెక్కేలోపే లారీ కాశీబుగ్గ దాటేది.

యూపీఎస్ బ్యాటరీ మార్చండి. ఈ వారమే.

ఇది చదువుతున్న సిస్టమ్‌లో ఇప్పుడే స్టార్ట్ మెనూ తెరిచి పవర్ గుర్తు చూడండి. దాని మీద చిన్న చుక్క ఉంటే, లోపల అప్‌డేట్ అండ్ రీస్టార్ట్ అని ఉంటే, అది మీకోసం ఎదురుచూస్తోంది. ఇవాళ రాత్రికి వదలకండి. కాగితం రాసుకుని, బ్యాకప్ తీసుకుని, రేపు పొద్దున్న కొట్టు తెరవగానే మొదటి పనిగా చేయండి.